‘ఏం లేదు, గ్యాసే’

మన బీదరులో నాలుగు భాషలు నడుస్తవి. ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడం, బజారులో దక్కనీ, ఉద్గీరు వైపు నుండి వచ్చిన వారితో మరాఠీ. ఈ నాలుగింటిలోను అర్థం మారకుండా, నిఘంటువు అవసరం లేకుండా చెల్లే మాట ఒకటున్నది. అది గ్యాసు. మనం ‘గ్యాసు పట్టింది’ అంటాము, కన్నడంవారు ‘గ్యాస్ట్రిక్ ఆగిదె’ అంటారు, చౌబారా దగ్గర పండ్ల బండివాడు ‘గ్యాస్ హోగయా సాబ్’ అంటాడు. రొమ్ములో మండినా గ్యాసే, వీపు పట్టేసినా గ్యాసే, దవడ గుంజినా గ్యాసే, కారణం లేకుండా చెమట పోసినా గ్యాసే. మా తాతగారి కాలంలో దీనినే వాయువు అనేవారు. పేరు మారింది గాని గౌరవం తగ్గలేదు. నూటికి తొంభైసార్లు అది నిజంగా గ్యాసే కావచ్చు. నేను రాయదలచినది మిగిలిన పదిసార్లను గురించి, అందులోనూ ముఖ్యంగా ఆ మాట ఎవరి నోట ఎప్పుడు వస్తుంది అన్నదాని గురించి.

నేను వైద్యుణ్ణి కాను. మెట్రిక్ ప్యాసై గుమాస్తాగా చేరినవాణ్ణి. అయితే ఈ ఉద్యోగంలో చాలాకాలం నా బల్లమీదికి వచ్చినవి వైద్యఖర్చుల బిల్లులు. ఉద్యోగికీ, అతనిమీద ఆధారపడిన ఇంటివారికీ అయిన ఖర్చును 1963 నాటి నియమాలతో సరిచూచి, పైకి రాసి పంపడం నా పని. బిల్లులు చదవడం అలవాటైన మనిషికి అవి మెల్లమెల్లగా కథలు చెప్పడం మొదలుపెడతవి. ఉద్యోగి తన గుండెజబ్బుకు పెట్టుకున్న బిల్లులు ఒక వరుసలో వస్తవి. ముందు ఒక ఇ.సి.జి. చీటీ, రక్తపరీక్ష, నెల మాత్రలు. ఆ తరువాత హైదరాబాదులో యాంజియోగ్రాం. ఇంకా తరువాత అవసరమైతే స్టెంటు. మెట్లెక్కినట్టుగా ఉంటుంది. అదే ఉద్యోగి భార్య బిల్లో, తల్లి బిల్లో అయితే మెట్లు లేవు. మొదటి కాగితమే అంబులెన్సు రసీదు, రెండవది అత్యవసర విభాగం. అంతకుముందు ఏడాది వెనక్కి తిరగేసినా ఆమె పేర ఒక్క ఇ.సి.జి. కనపడదు. అంతకుముందు ఆమెకు నొప్పి రాలేదా? వచ్చే ఉంటుంది. బిల్లు కాలేదు, అంతే. నేను దీనిని లెక్కగట్టి పట్టిక వేయలేదు. కాని ఇన్నేళ్ళలో ఈ వరుస తప్పిన ఫైలు నా చేతికి అరుదుగా వచ్చింది.

ఇది మా ఇంట్లోనూ జరిగింది గనుక నాకు మరచిపోవడం కుదరలేదు.

మా చిన్నమ్మా చిన్నాయనా హుమ్నాబాదు దారిలో ఒక పల్లెలో వ్యవసాయం చేసుకునేవారు. 2013 ఎండాకాలంలో ఒకరాత్రి రెండు గంటలవేళ చిన్నాయన లేచి కూర్చుని, ‘ఛాతిమీద బండ పెట్టినట్టున్నది’ అన్నాడట. ఆయన కూడా తరువాతి మాటగా ‘గ్యాసేమో’ అనే అన్నాడు. చిన్నమ్మ ఆ మాట చెవిన వేసుకోలేదు. ఆమె బడి మొహం చూసిన మనిషి కాదు. కాని ఆయన మెడమీది చెమట చూసింది, ఎడమచేతిని పట్టుకొన్న తీరు చూసింది. వాకిట్లోకి వచ్చి గట్టిగా కేక వేస్తే వాడంతా లేచింది. పక్కింటివారి జీపు తీయించింది, పైసల డబ్బా కొంగున కట్టుకుంది, ఇంటికి తాళం కూడా వేయలేదు. ముప్పావు గంటలో బీదరు దవాఖానలో ఉన్నారు. రక్తపుగడ్డ కరిగే సూది పడ్డది. చిన్నాయనకు ఇప్పుడు డెబ్భై దాటినవి, పొలానికి పోయివస్తున్నాడు.

ఆ తరువాత మూడేళ్ళు కాకముందే, 2016 జనవరిలో ఎళ్ళ అమావాస్య వచ్చింది. మన జిల్లాలో ఆ పండుగ సంగతి పాఠకులకు చెప్పనక్కరలేదు. తెల్లవారుజామున మూడు గంటలకు లేచి సజ్జరొట్టెలు, భజ్జి, అంబలి సిద్ధంచేసి, గంపకెత్తి, ఇంటిల్లిపాదీ చేనుకు పోవలసిందే. తొమ్మిదిగంటలప్పుడు చిన్నమ్మకు రెండు భుజాలూ గుంజడం మొదలైంది, దవడ కూడా బిగిసింది. చలికాలం పొద్దున జాకెట్టు తడిసేటంత చెమట. ఒకసారి వాంతి అయింది. పెద్దకోడలు అడిగితే, ‘నాలుగు గంటలు రొట్టెలు తట్టిన, భుజాలు గుంజక ఏంజేస్తయి? ఏం లేదు, గ్యాసే’ అన్నది. సోడా తాగింది. గంప ఇంకొకరికి ఎత్తి, చేనుదాకా నడిచింది. అందరికీ వడ్డించింది. సాయంత్రం ఇంటికి వచ్చాక కొడుకు నిలబడలేక ఒక ప్రైవేటు వైద్యుని దగ్గరకు తీసుకుపోతే, ఆయన నాడి చూసి, ‘పండుగ పనికి ఆడవాళ్ళకు ఇది మామూలే’ అని గ్యాసుకు ఒక సూదివేసి పంపినాడు. ఇ.సి.జి. తీయలేదు. రాత్రి ఎనిమిదికి ఊపిరి ఆడక పోవడంతో నాకు ఫోను వచ్చింది. వారు బీదరు చేరేసరికి నేను దవాఖాన గేటు దగ్గర నిలబడి ఉన్నాను. తొమ్మిదిన్నర అయింది. అంటే మొదటి నొప్పికి పన్నెండుగంటల పైన. అక్కడి డాక్టరు చిన్నవాడు, కాగితం చూసి, ‘పొద్దున్న తెచ్చి ఉంటే’ అని సగంలో ఆపినాడు.

చిన్నమ్మ బ్రతికింది. మూడేళ్ళు. గుండె కండరంలో పెద్దభాగం పనిచేయడం మానింది గనుక నీళ్ళబిందె ఎత్తలేదు, రెండు దిండ్లు లేనిదే పండుకోలేదు, సాయంత్రానికి పాదాలు ఉబ్బేవి. 2019లో పోయింది.

ఆ మూడేళ్ళలో ఒకనాడు నేను ఆమెను అడిగినాను. ‘చిన్నమ్మా, చిన్నాయనకు వచ్చినప్పుడు అర్ధరాత్రి ఊరు లేపినవు గదా, నీకు వచ్చినప్పుడు తెలువలేదా?’ ఆమె దాచుకోలేదు. ‘తెలువకేం బిడ్డా. అనుమానం తగిలింది. పండుగపూట అందరు ఆకలిమీదున్నరు. పొద్దుమీకేదాకా ఓర్చుకుంటే ఏమైతది అనుకున్న. మల్ల పోయినంక ఏం లేదంటే నవ్వరా?’

మనవారు ఉపన్యాసాలలో ఆడవారికి ‘అవగాహన’ లేదంటారు. నాకు ఆ మాట నచ్చదు. మా చిన్నమ్మకున్న అవగాహన ఆ వాడలో ఎవరికీ లేదు. భర్త మెడమీది చెమటను చీకట్లో గుర్తుపట్టిన మనిషి తన చెమటను పట్టపగలు గుర్తుపట్టలేదంటే నేను నమ్మను. ఆమెకు లేనిది వేరే. మగవాడికి నొప్పివస్తే చూచేటందుకు ఇంట్లో ఒక మనిషి ఉన్నది. ఆమెకు నొప్పివస్తే చూడవలసిన మనిషి ఆమే. రెండవది ఆ ‘నవ్వరా’ అన్న మాట. మగవాడు పరుగున దవాఖానకు పోయి, అంతా చూసి గ్యాసేనని తేలితే, ‘పోనీ, మంచిదైంది’ అని ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు, దారిలో మిఠాయి కొన్నా కొంటారు. ఆడమనిషి పోయి గ్యాసేనని తేలితే అది పదేళ్ళు చెప్పుకునే ముచ్చట అవుతుంది. ‘ఆనాడు రెండువేలు మట్టిలో కలిపింది’ అంటారు. ఊరికే పోయి రావడానికి కూడా ఒక హక్కు ఉండాలి. అది మగవానికి పుట్టుకతో వస్తున్నది, ఆడమనిషికి అరవై ఏళ్ళు వచ్చినా రావడంలేదు.

అట్లా అని ఇది బీదరు పల్లెల సంగతి మాత్రమే అనుకోరాదు. డాక్టర్ల లోకంలోనూ ఈ చూపు చాలాకాలం ఉన్నది. అమెరికాలో ఫ్రేమింగ్‌హామ్ అనే ఊరిలో 1948లో మొదలైన గుండెజబ్బుల పరిశోధనలో ఆడవారిని మొదటినుండీ చేర్చుకున్నారు గాని, ఇతర పరిశోధనలు అనేకం మగవారిమీదనే జరిగినవి. గుండెపోటు అనగానే బొమ్మలో ఛాతి పట్టుకున్న లావుపాటి మగమనిషే కనపడేవాడు. 1991లో బెర్నడీన్ హీలీ అనే డాక్టరమ్మ, ఆ దేశపు జాతీయ ఆరోగ్య సంస్థకు మొదటి మహిళా అధిపతి, ఒక వ్యాసంలో ఈ సంగతి కుండబద్దలు కొట్టినట్టు రాసింది. తన గుండెజబ్బు మగవాని గుండెజబ్బంత గట్టిదని నిరూపించుకుంటే తప్ప ఆడమనిషికి మగవానితో సమానమైన వైద్యం దొరకడంలేదన్నది. దానికి ఆమె పెట్టిన పేరు యెంటల్. సింగర్ అనే రచయిత కథలో చదువుకోసం మగవేషం వేసిన పిల్ల పేరది.

లక్షణాల విషయంలో ఒక సవరణ. ఆడవారికి రొమ్మునొప్పి రాదని ఈమధ్య ఒక ప్రచారం బయలుదేరింది. అది సరికాదు. ఆడవారిలోనూ ఎక్కువమందికి వచ్చేది రొమ్ములో నొప్పో, బరువో, బిగుతో. తేడా ఏమిటంటే దానితోపాటు, ఒక్కొక్కప్పుడు అది లేకుండానే, ఆయాసం, వాంతి, వీపునొప్పి, దవడనొప్పి, ఎన్నడూ లేని అలసట వారిలో ఎక్కువగా కనపడతవి. ఇవన్నీ వంటింట్లో రోజూ ఉండేవే గనుక కలిసిపోతవి. షుగరు ఉన్నవారిలో, వయసు మళ్ళినవారిలో నొప్పి అసలు తెలియకుండానే గుండెపోటు వచ్చిపోవడం కూడా ఉన్నది.

వయసు మరొక ముసుగు. 52 దేశాల రోగులను చూచిన ఇంటర్‌హార్ట్ అనే పరిశోధన ఫలితాలు 2004 నుండి వెలువడినవి. దాని ప్రకారం ఆడవారికి మొదటి గుండెపోటు మగవారికంటే సుమారు 9 ఏళ్ళు ఆలస్యంగా వస్తున్నది. మన దక్షిణాసియావారికి మాత్రం ఇతరులకంటే ఐదారేళ్ళు ముందుగా వస్తున్నది. ముట్టు ఆగేదాకా ఆడవారికి కొంత రక్షణ ఉంటుందనేది నిజమే. షుగరు వచ్చిందంటే ఆ రక్షణ చాలావరకు పోతుంది. కాని ఇంట్లో ఈ లెక్క వేరుగా పనిచేస్తుంది. నలభై దాటని ఆడమనిషికి ‘ఈ వయసులో గుండెజబ్బేమిటి’ అంటారు, యాభై దగ్గర ‘ఆ వయసు, ఒళ్ళు వేడి’ అంటారు, అరవై దాటితే ‘వయసైంది గదా’ అంటారు. గుండెజబ్బు అనడానికి తగిన వయసు ఆమెకు ఎప్పుడూ రాదు.

మన దేశంలో 2008లో అచ్చయిన పెద్ద పరిశోధన ఒకటున్నది. ఇరవైవేలకు పైగా గుండె రోగుల వివరాలు దానిలో చేర్చినారు. నొప్పి మొదలైన తరువాత దవాఖాన చేరేటందుకు సగంమందికి ఆరుగంటలో, అంతకు మించో పట్టిందని అందులో తేలింది. గుండెకండరం ఇరవై ముప్పై నిమిషాలలో చావడం మొదలుపెడుతుంది. గడ్డకరిగే సూదికి మొదటి గంటల్లో ఉన్న బలం తరువాత ఉండదు, పన్నెండుగంటలు దాటితే దానివల్ల ఉపయోగం చాలావరకు పోతుంది. చిన్నమ్మ చేనుకు నడిచినది ఈ గంటలలోనే.

ఢిల్లీ ఎయిమ్స్‌లో 2016లో అవుట్‌పేషెంట్లుగా వచ్చిన 23 లక్షల పైచిలుకు మందిని లెక్కచూచిన పరిశోధన మరొకటి. రావలసిన ఆడవారిలో నాలుగు లక్షలమంది రానేలేదని అంచనా వేసినారు. ఊరు దూరమైనకొద్దీ ఆడవారు తగ్గిపోయినారు. మనకు హైదరాబాదు 140 కిలోమీటర్ల పైమాట, బెంగుళూరు ఒక రాత్రి ప్రయాణం. పెద్దవైద్యానికి ఈ ఊరినుండి ఎవరు బస్సెక్కుతున్నారు, ఎవరు ఎక్కడంలేదు అన్నది మీరే మీ బంధువర్గంలో లెక్క చూచుకోవచ్చు. అదే సంస్థ డాక్టర్లు 2011లో మరొక సంగతి బయటపెట్టినారు. పుట్టుకతో గుండెలోపం ఉండి ఆపరేషను అవసరమన్న పిల్లలలో, మగపిల్లలకు నూటికి 70 మందికి ఆపరేషను జరిగింది, ఆడపిల్లలకు 44 మందికే. ఇది చదివినరోజు నాకు అన్నం సయించలేదు. పెద్దవాళ్ళయితే ఓర్చుకున్నారనవచ్చును. ఆ పిల్లలను ఎవరు ఓర్చుకోమన్నారు? ఛాతిమీద గాటు ఉంటే పెండ్లి ఎట్లా అనే మాట మన ఇండ్లలోనూ నేను విన్నాను.

ఇక ముసలివారి సంగతి. మా బాపుకు 78వ యేట మెట్లెక్కితే ఆయాసం, ఒకటి రెండుసార్లు తలతిప్పడం, ఒకనాడు బజారునుండి వచ్చే దారి మరచిపోవడం. రొమ్మునొప్పి అన్న మాటే లేదు. ‘పండుటాకు, రాలనియ్యరా’ అన్నాడు. అన్నదమ్ములు ఆయన మాటకు తలవంచినారు. నేను వంచలేదు, ఆటోలో కూర్చోబెట్టుకుని పోయి ఇ.సి.జి. తీయిస్తే, ఎప్పుడో తెలియకుండానే ఒక పోటు వచ్చిపోయినట్టు కనపడింది. మందులు మొదలైనవి. ఇందులో నేను గమనించినది ఒకటి. ఇంటి పెద్దాయన వద్దంటే ఆ మాటను మన్నించి ఊరుకుంటారు. అవ్వ విషయంలో అంతదాకా కూడా రాదు, ఆమెను అడిగేవారుండరు. ఇద్దరూ ఒకే మంచంమీదికి వస్తారు, దారులు మాత్రం వేరు.

పడుచువారి దారి ఇంకొకటి. 2021 అక్టోబరు 29న పునీత్ రాజ్‌కుమార్ 46వ యేట పోయినప్పుడు కర్ణాటకం అంతా గుండెమీద చేయి వేసుకున్నది. మా ఆఫీసులో అంతకు ముందువారం ‘నాకా గుండెపోటా’ అని నవ్విన పడుచువాడు మరునాడే సెలవుచీటీ రాసి పరీక్షకు పోయినాడు. 2025లో హాసన జిల్లాలో వరుసగా మరణాలని వార్తలు వచ్చినప్పుడు మైసూరు జయదేవ ఆసుపత్రి ముందు తెల్లవారకముందే బారులు తీరినారు. ప్రభుత్వం డాక్టర్ల బృందంచేత విచారణ చేయిస్తే, ఆ మరణాలు వెనుకటికంటే అసాధారణంగా పెరిగినట్టు తేలలేదు. భయపడి పరీక్ష చేయించుకోవడాన్ని నేను వెక్కిరించను. మంచిదే. కాని అటువంటి రోజుల్లో మన ఊరి ప్రైవేటు ల్యాబుల ముందు చూచినాను, నిలబడినవారు చాలావరకు ముప్పై నలభై ఏళ్ళ మగవారు. వారి తల్లులు, అక్కలు ఇంట్లో ఉన్నారు. ఈ భయంకూడా ఇంటికి ఒక్కరికే సరిపోయినట్టున్నది.

సౌకర్యాలు లేవని ఇప్పుడు అనడానికి అంతగా వీలులేదు. 108 బండి ఆంధ్రప్రదేశంలో 2005లో వచ్చింది, మన రాష్ట్రంలో 2008లో. బీదరులో బోధనాసుపత్రి ఉన్నది. కలబురగిలో జయదేవ సంస్థ శాఖ ఉన్నది. పునీత్ పేరుమీదనే ప్రభుత్వం 2023లో హృదయజ్యోతి పథకం ప్రకటించింది: తాలూకా ఆసుపత్రిలో ఇ.సి.జి. తీసి, దానిని పెద్ద ఆసుపత్రి డాక్టర్లకు అక్కడినుండే పంపి, గుండెపోటని తేలితే వేల రూపాయల ఖరీదుచేసే గడ్డకరిగే సూదిని ఉచితంగా వేయడం దాని పద్ధతి. మీకు దగ్గరి తాలూకా ఆసుపత్రిలో ఈ ఏర్పాటు ఉన్నదీ లేనిదీ నొప్పి లేని రోజున పోయి కనుక్కుని రండి. మొదటి ఇ.సి.జి. బాగున్నదంటే పని అయిపోయినట్టు కాదనికూడా తెలిసి ఉండాలి. నొప్పి తగ్గకుంటే కాసేపాగి మళ్ళీ తీస్తారు, ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష చేస్తారు. అవి అడగడానికి సిగ్గుపడనక్కరలేదు. ముఖ్యంగా పక్కన ఉన్నది ఆడమనిషి అయితే, ‘ఒకసారి ఇ.సి.జి. తీయండి డాక్టరుగారూ’ అని మగవాడు నోరు తెరిచి అనవలసి ఉంటుంది. కొన్నిచోట్ల ఆమె అంటే వినరు. ఇది సిగ్గుపడవలసిన మాటే గాని నిజం.

మా ఇంటిదానికి నలభైనాలుగేండ్లు, షుగరు వచ్చి ఐదేండ్లు. చిన్నమ్మ పోయిన తరువాత మేమిద్దరం ఒక కట్టుబాటు చేసుకున్నాము. ఏడాదికొకసారి ఆమె పుట్టిననెలలో పరీక్షలు, ముందు ఆమెకు, తరువాత నాకు. మొదటిసారి ఆమె, ‘నాకేమైంది, మీరు చేయించుకోండి’ అన్నది. ‘నీవు పోకుంటే నేనూ పోను’ అన్నాను. పోయిన సంవత్సరం ఆమె ఇ.సి.జి. బాగున్నది, నాకే బి.పి. తేలింది. ఇప్పుడు నా ఉప్పు ఆమె చేతిలో ఉన్నది.

చివరగా మన సంఘం సంగతి. పోయిన ఉగాదికి మనవారు హృద్రోగ పరీక్షా శిబిరం పెట్టినారు. మంచి పని. కాని ఉదయం తొమ్మిది నుండి పన్నెండు దాకా పెట్టినారు. పండుగనాడు ఆ వేళకు మన ఆడవారు ఎక్కడ ఉంటారో తెలియనిదా? వచ్చినవారంతా మగవారే, పరీక్ష అయ్యాక ఇంటికిపోయి భోజనం చేసినారు. ఈ సంవత్సరం శిబిరం పండుగనాడు కాకుండా, తరువాతి ఆదివారం మధ్యాహ్నం మూడుగంటలకు పెడదామని, ఆ పూట ఇండ్లలో వంట మగవారు చూచుకోవాలని నేను కార్యదర్శిగారికి రాసి ఇచ్చినాను. ఆయన వెంటనే ఒప్పుకుని పేర్ల పుస్తకం నాకే అప్పగించినారు. నలభై దాటిన ఆడవారివి, అరవై దాటిన అందరివీ ముందు రాసుకుంటాను. ఇప్పటికి పదకొండు పేర్లు వచ్చినవి. అందులో ఆడవారివి మూడు, మూడింటిలో ఒకటి మా ఇంటిది. పుస్తకం రోజూ సాయంత్రం ఆరుగంటలనుండి సంఘం గదిలోనే ఉంటుంది.